తలుపు తీసిన సంతకం

(జనవరి 27న ఢిల్లీలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



నిన్న కర్తవ్యపథ్ మీద గణతంత్ర దినోత్సవ కవాతు జరిగింది. ఈ రోజు జనవరి 27. 1945లో ఇదే రోజున సోవియట్ సైన్యం ఆష్విట్జ్ శిబిరంలో అడుగుపెట్టి, అక్కడ ఇంకా ఊపిరితో ఉన్నవారిని విడిపించింది. నాజీల చేతిలో హతులైన అరవై లక్షల మంది యూదులను ఏటా ఈ రోజున స్మరించుకోవాలని 2005లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. ఆ మృతుల స్మృతికి అంకితమైన సభ ఇది. ఇంత పెద్ద మరణం ముందు మాట్లాడటానికి నాకున్న అర్హత స్వల్పం. పిలిచి ఈ గౌరవమిచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి.

మృతుల గురించి మాట్లాడవలసిన రోజున నేను రక్షకుల గురించి మాట్లాడబోతున్నాను. దానికి కారణముంది. హంతకుల చరిత్రను మాత్రమే చదివితే, ఆ కాలంలో జరిగినదంతా తప్పనిసరిగా జరిగిందనిపిస్తుంది. రక్షకుల చరిత్ర చదివితే, మరోలా జరగడానికి అవకాశం ఉండిందని తెలుస్తుంది. ఆ అవకాశం ఎవరి చేతుల్లో ఉండింది, వాళ్లు దాన్ని ఏం చేశారు అన్న ప్రశ్నను తర్వాతి తరాల ముందు నిలబెట్టడమే రక్షకుల స్మారకాల పని. ఈ ఉపన్యాసంలో నేను నిరూపించదలచిన విషయం కూడా ఇదే: శరణు మంచి మనసుతో మొదలవుతుంది గాని, ఎవరో ఒకరు తమ అధికారంతో ఒక కాగితం మీద బాధ్యత తీసుకున్నప్పుడే నిజమవుతుంది. స్మారకం ఆ మనసుతో పాటు ఆ కాగితాన్నీ చూపించాలి.

వార్సా నగరంలో ఓహోటా అనే పేట ఉంది. అక్కడి ఒక కూడలికి 'మంచి మహారాజు చౌకు' అని పేరు. 2014లో అక్కడ స్మారకం వెలసింది. ఆ మహారాజు మనవాడు. గుజరాత్ తీరంలోని నవానగర్ సంస్థానానికి పాలకుడైన జామ్ సాహెబ్ దిగ్విజయ్ సింహ్‌జీ. క్రికెట్ చరిత్రలో నిలిచిపోయిన రంజిత్ సింహ్‌జీకి ఆయన సోదరుడి కొడుకు, వారసుడు. వార్సాలోని ఒక పాఠశాల కూడా ఆయన పేరునే నడుస్తున్నది. నీకేం కావాలని ప్రవాస పోలండ్ ప్రధాని అడిగితే, స్వతంత్రమైన మీ దేశంలో ఒక వీధికి నా పేరు పెట్టండి చాలునని జవాబిచ్చారని అక్కడ చెప్పుకొంటారు. 2024 ఆగస్టులో భారత ప్రధాని ఆ స్మారకం వద్ద నివాళి అర్పించారు. మన దేశంలో చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నది అప్పుడే.

ఆ స్మారకం వెనుక ఉన్న కథ 1939లో మొదలవుతుంది. సెప్టెంబరు 1న హిట్లర్ సేనలు పడమటి నుంచి, 17న స్టాలిన్ సేనలు తూర్పు నుంచి పోలండ్‌లోకి వచ్చాయి. తూర్పు భాగంలోని లక్షల మందిని 1940, 41 సంవత్సరాలలో పశువుల పెట్టెల్లో ఎక్కించి సైబీరియాకు, కజకస్తాన్‌కు తరలించారు. వారిలో కేథలిక్కులున్నారు, యూదులున్నారు, ఉక్రేనియన్లున్నారు. ఆకలికీ, టైఫస్‌కూ మతభేదం లేదు. తల్లిదండ్రులు పోయిన పిల్లలు గుంపులు గుంపులుగా మిగిలారు. 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాక, జూలైలో పోలండ్, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. నిర్బంధితులను వదిలిపెట్టారు. వదిలిపెట్టారే గాని, వెళ్లడానికి వాళ్లకు చోటు లేదు. వాళ్ల ఇళ్లున్న నేల అప్పటికి జర్మనీ గుప్పిట్లో ఉంది.

మధ్య ఆసియాలోని అష్కాబాద్‌లో అనాథ పిల్లలను పోగుచేశారు. అక్కడి నుంచి లారీలలో పర్వతాలు దాటించి మషద్, జాహెదాన్‌ల మీదుగా క్వెట్టాకు తెచ్చారు. అప్పటి క్వెట్టా మన దేశంలోని ఊరే. అలా బొంబాయి చేరిన పిల్లలకు బ్రిటిష్ ఇండియాలో స్థిరమైన చోటు దొరకడం కష్టమైంది. ఖర్చెవరిది, ఎన్నాళ్లుంటారు, ఎవరు పూచీ అన్నవి ఏ ప్రభుత్వమైనా అడిగే ప్రశ్నలే. ఆ ప్రశ్నలకు జవాబు దొరికేదాకా తలుపు మూసి ఉంచడం కూడా ఏ ప్రభుత్వమైనా చేసే పనే.

ఇక్కడ ఢిల్లీ మన కథలోకి వస్తుంది. 1927లో ప్రారంభమైన గుండ్రటి కౌన్సిల్ భవనంలో, నేడు సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న కట్టడంలో, సంస్థానాధీశుల కోసం ఒక ప్రత్యేక మందిరం ఉండేది. నరేంద్రమండలి అక్కడ సమావేశమయ్యేది. స్వాతంత్ర్యం తర్వాత 1950 నుంచి 1958 దాకా మన సుప్రీంకోర్టు నడిచింది కూడా ఆ మందిరంలోనే. యుద్ధకాలంలో నరేంద్రమండలికి ఛాన్సలర్ జామ్ సాహెబ్. లండన్‌లోని యుద్ధ మంత్రాంగంలోనూ ఆయనకు చోటుండింది. సామ్రాజ్యపు మాట చెల్లే గదుల్లోకి ఆయనకు ప్రవేశం ఉండేది. పిల్లలను నా సంస్థానానికి పంపండి, వాళ్ల పూచీ నాది అని ఆయన అన్నప్పుడు, అది జాలిగుండె గల ఒక మనిషి మాటగా ఆగిపోలేదు. దానికి ఒక ముద్ర ఉంది, ఒక ఖజానా ఉంది, ఒక నేల ఉంది.

1942 వేసవి గడిచేసరికి జామ్‌నగర్‌కు దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న బాలాచడీలో శిబిరం సిద్ధమైంది. ఆరువందల మందికి పైగా పిల్లలు అక్కడ పెరిగారు. వారిలో కొందరు యూదుల బిడ్డలు కూడా. ఇక మీరు అనాథలు కారు, నన్ను బాపు అనుకోండి అని జామ్ సాహెబ్ తమతో అన్నారని ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక కూడా తలచుకొన్నారు. ఆ మాట కన్నా నన్ను ఆలోచింపజేసేది శిబిరం నడిచిన తీరు. పిల్లలు పోలిష్ భాషలోనే చదువుకొన్నారు. వాళ్ల ప్రార్థనలు వాళ్లు చేసుకొన్నారు, వాళ్ల పండుగలు వాళ్లు జరుపుకొన్నారు. వాళ్ల దేశపు జెండా అక్కడ ఎగిరింది. కూడు పెట్టినవాడు వాళ్లను తనవంటి వాళ్లుగా మారమనలేదు. శరణిచ్చేవాడు శరణు కోరినవారి నుంచి పేరును, భాషను, దేవుణ్ణి అద్దెగా వసూలు చేయకపోవడం చరిత్రలో అరుదైన సంగతి.

యుద్ధం ముగిశాక పోలండ్‌లో కొత్త ప్రభుత్వం వచ్చి పిల్లలను వెనక్కి పంపమన్నది. ఏ పాలన వాళ్లను ఊరు దాటించిందో దాని నీడలోకే మళ్లీ పంపడమా అన్న సందిగ్ధం ఎదురైంది. అప్పుడు జామ్ సాహెబ్, శిబిర బాధ్యుడైన ఫాదర్ ఫ్రాంచిషెక్ ప్లూటా, బ్రిటిష్ అధికారి జెఫ్రీ క్లార్క్ కలిసి చట్టబద్ధంగా ఆ పిల్లలను దత్తత తీసుకొన్నారని అనురాధా భట్టాచార్జీ వంటి పరిశోధకులు రాశారు. మరో సంతకం, మరో పూచీకత్తు. 1946లో బాలాచడీ మూతపడి, పిల్లలు కొల్హాపూర్ దగ్గరి వళివడె శిబిరానికి చేరారు. అక్కడ అప్పటికే దాదాపు అయిదు వేల మంది పోలిష్ శరణార్థులున్నారు.

ఈ కథలో మన తెలుగువారికి దగ్గరైన పేరొకటి ఉంది. బొంబాయిలో పోలండ్ కాన్సల్ జనరల్ భార్య కీరా బనాసిన్‌స్కా. పోలిష్ రెడ్‌క్రాస్ తరఫున ఈ శరణార్థుల కోసం పనిచేసిన ఆమె, యుద్ధం తర్వాత తన దేశానికి తిరిగి వెళ్లలేక ఇక్కడే ఉండిపోయారు. తరువాతి జీవితాన్ని హైదరాబాదులో సమాజసేవలో గడిపారు. 1991లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఒక దేశం ఇచ్చిన శరణు ఇచ్చినచోటనే ఆగదనడానికి ఆమె జీవితం సాక్ష్యం.

ఇప్పుడు ఈ రోజు ఎవరి స్మృతి కోసమో వారి వైపు తిరుగుదాం. జామ్ సాహెబ్‌ను యూదుల రక్షకుడని మాత్రమే పిలవడం చరిత్రను సాగదీయడమవుతుంది. ఆయన కాపాడింది పోలండ్ పిల్లలను. వారిలో యూదులూ ఉన్నారు. ఆయన వారిని వేరుగా తూచలేదు. యూదులు అని వేరుచేసి తూచే లోకం అప్పటికే ఏం చేసిందో చూస్తే ఈ మాట విలువ తెలుస్తుంది. 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాఁలో 32 దేశాలు సమావేశమయ్యాయి. యూదు శరణార్థుల మీద అందరూ సానుభూతి ప్రకటించారు. తలుపులు తెరుస్తామన్న వాళ్లు మాత్రం దాదాపు లేరు. 1939లో సెయింట్ లూయీ ఓడ తొమ్మిది వందల మందికి పైగా శరణార్థులతో అట్లాంటిక్ దాటి వెళ్లి, క్యూబాలో, అమెరికాలో దిగనివ్వక యూరపుకు తిరిగి వచ్చింది. వాళ్లలో రెండు వందల మందికి పైగా తరువాత హతులయ్యారు. వాళ్లను చంపింది నాజీలు. వాళ్లను చావుకు అందేంత దూరంలో ఉంచింది మాత్రం కాగితాలు.

బ్రిటిష్ ఇండియా కూడా ఆ కాగితాల లోకంలో భాగమే. ఉద్యోగమో, ఇక్కడివారి పూచీకత్తో చూపిన వారికే ప్రవేశం దొరికేది. బొంబాయిలోని యూదు సహాయ సంఘం అలా ఎన్నో పూచీకత్తులిచ్చింది. యూదు వైద్యులకు, నిపుణులకు చోటివ్వాలని నెహ్రూ గట్టిగా వాదించారు. కాంగ్రెస్‌లో అందరూ ఆయనతో ఏకీభవించలేదు. లుధియానా వ్యాపారి కుందన్‌లాల్ 1938లో వైద్యం కోసం వియన్నా వెళ్లారు. అక్కడ పరిచయమైన యూదు కుటుంబాలకు ఉద్యోగాలిస్తానని పత్రాలు రాసి, అయిదు కుటుంబాలను బయటపడేశారు. దశాబ్దాలపాటు ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆయన మనుమడు పాత ఉత్తరాలు వెతికి రాసిన పుస్తకంతోనే వెలుగులోకి వచ్చింది.

అయితే తెరిచిన తలుపే మళ్లీ మూసుకుపోయిన సందర్భాలు కూడా ఈ చరిత్రలో ఉన్నాయి. యుద్ధం మొదలయ్యాక, హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదులను సైతం జర్మన్ దేశీయులన్న లెక్కలో శత్రువులుగా నిర్బంధించారు. ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా ప్రాంగణంలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ సమాధి ఉంది. హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్‌తో బెర్లిన్‌లో స్నేహం కలిసి, ఆయన నడుపుతున్న బడిలో పిల్లలకు చదువు చెప్పడానికి ఆమె వచ్చారు. పిల్లలకు ఆమె ఆపాజాన్. ఆమెను కూడా నిర్బంధ శిబిరానికి తీసుకువెళ్లారు. 1943లో ఆమె కన్నుమూశారు. అదే ఏడాది మొదట్లో టెహరాన్ నుంచి పాలస్తీనాకు బయలుదేరిన యూదు అనాథలు, ఇరాక్ దారి ఇవ్వకపోవడంతో, ఓడలో మన కరాచీ రేవు మీదుగా సూయెజ్‌కు చేరవలసి వచ్చింది. మన నేల ఆ రోజుల్లో ఒకరికి ఇల్లయింది, ఒకరికి దారయింది, ఒకరికి జైలయింది.

ప్రపంచంలోని తక్కిన రక్షకులను చూసినా, కాగితం మీద బాధ్యత తీసుకున్నప్పుడే శరణు నిజమవుతుందన్న సూత్రమే కనబడుతుంది. లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ దౌత్యాధికారి చియూనె సుగిహారా 1940 వేసవిలో తన ప్రభుత్వం వద్దన్నా రెండు వేలకు పైగా వీసాలు రాశారు. 1947లో ఆయన ఉద్యోగం పోయింది. బోర్డోలో పోర్చుగల్ కాన్సల్ అరిస్టైడిస్ డి సౌసా మెండిస్ 1940 జూన్‌లో వేలాది మందికి వీసాలిచ్చి, శిక్షకు గురై, 1954లో పేదరికంలో మరణించారు. వియన్నాలో చైనా కాన్సల్ హో ఫెంగ్ షాన్ షాంఘైకి వీసాలిచ్చారు. 1997లో ఆయన పోయాక, మరి మూడేళ్లకు గాని ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెం సంస్థ ఆయన్ను గుర్తించలేదు. వీళ్లెవరూ ఆయుధం పట్టలేదు. ముద్రలు, కలాలు, నమోదు పుస్తకాలతోనే పనిచేశారు. ఏ గుమాస్తా యంత్రాంగం మీద ఆ మారణకాండ నడిచిందో, అదే యంత్రాంగపు సాధనాలతో వీళ్లు మనుషులను బయటికి లాగారు.

శరణుకు ఖరీదు చెల్లించాలన్న భావం మనకు పరాయిది కాదు. శరణు కోరిన పావురం కోసం తన శరీరం నుంచి మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ మహాభారతం నుంచి మన ఇళ్లలోకి వచ్చింది. బౌద్ధులు దానిని జాతకకథగా చెప్పుకొన్నారు. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ శిల్పులు సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట పలనాటి సున్నపురాతి మీద ఆ కథను చెక్కారు. రాజు తన మాంసం తానే కోసుకోవడం, దాన్ని తూచడం ఆ శిల్పానికి ప్రధాన విషయం. శరణాన్ని స్మరించే శిల్పం దాని ఖరీదును దాచకూడదని తెలుగు నేల శిల్పులకు అంత ముందే తెలుసు. దయగల రాజు ముఖం చెక్కితే భక్తి పుడుతుంది. తక్కెడను చెక్కితే, నీవైతే ఏమిస్తావని చూసేవాణ్ణి ఆ రాయి అడుగుతుంది.

ఖరీదు గురించి మాట్లాడేటప్పుడు మరో నిజాన్ని కూడా చెప్పుకోవాలి. 1942 తెలుగువారికి కూడా శరణార్థుల సంవత్సరమే. జపాను బర్మాలోకి చొచ్చుకురాగానే రంగూన్ రేవులో, బియ్యపు మిల్లుల్లో పనిచేస్తున్న మనవాళ్లు వేలాదిగా అడవులూ కొండలూ దాటి కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో ఎందరో రాలిపోయారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అని విభజించారన్న ఆక్రోశం ఆ రోజుల్లోనే దేశమంతటా వినబడింది. మన తీరంలో వారిని కాందిశీకులన్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. మరుసటి ఏడాది బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. ఇంట్లో ఇంత ఆపద ఉండగా పరాయి పిల్లలకు కూడు పెట్టడం ఏమిటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, ఆ ప్రశ్న క్రూరమైనదని తోసిపుచ్చలేము. జామ్ సాహెబ్ బ్రిటిష్ సామ్రాజ్యానికి విధేయుడైన సంస్థానాధీశుడన్నదీ నిజమే. ప్రజలెన్నుకొన్న పాలకుడు కాడు. ఆయన ఇచ్చినది రాచరికపు దానం.

ఈ అభ్యంతరాలన్నిటినీ నేను అంగీకరిస్తాను. అవి నా వాదాన్ని బలహీనపరచవు. దానిని ముగింపు వైపు నడిపిస్తాయి. బర్మా దారిలో రాలిపోయిన తెలుగు కూలీ ప్రాణానికి, సైబీరియాలో అనాథ అయిన పోలిష్ పిల్ల ప్రాణానికి మధ్య పోటీ పెట్టిన లోకం తప్పు చేసింది. ఒకరిని కాపాడిన చేయి తప్పు చేయలేదు. కాని ఆ చేయి ఒక రాజుది కావడం వల్ల, అతని మనసు మెత్తనిది కావడం వల్ల ఆ పిల్లలు బతికారు. మరో రాజు, మరో మనసు అయి ఉంటే? ప్రాణం అంత సన్నని దారం మీద వేలాడకూడదు. రాజు దానంగా ఇచ్చినదాన్ని ప్రజారాజ్యం ధర్మంగా, చట్టంగా మార్చుకోవాలి. అలా మార్చుకోనంత కాలం మంచి మహారాజును పొగిడే ప్రతి సభ మన లోటును కప్పిపుచ్చుతుంది.

ఢిల్లీని మించి ఈ మాట వినవలసిన నగరం లేదు. 1947లో కింగ్స్‌వే క్యాంపు వంటి శిబిరాల్లో గుడారాలు వేసుకొన్న లక్షల మంది కట్టిన నగరం ఇది. లాజ్‌పత్ నగర్, రాజేంద్ర నగర్ వంటి పేటలు వాళ్లకోసం వెలసినవే. టిబెటన్లు మజ్నూ కా టీలాలో ఉన్నారు, ఆఫ్ఘన్లు లాజ్‌పత్ నగర్‌లో ఉన్నారు. హుమాయూన్ రోడ్డులో జూడా హయామ్ యూదు ప్రార్థనా మందిరం, దాని పక్కన చిన్న శ్మశానం ఉన్నాయి. ఇన్ని జాతులు తల దాచుకొన్న నగరం రాజధానిగా గల దేశంలో శరణార్థులకంటూ ప్రత్యేకమైన జాతీయ చట్టం ఈనాటికీ లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థి ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. ఆశ్రయ చట్టం కోసం పార్లమెంటులో సభ్యులు వ్యక్తిగత బిల్లులు పెట్టారు. అవి చట్టం కాలేదు. ఒక్కొక్క జనసమూహం విషయంలో ఒక్కొక్క నిర్ణయం, ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క వైఖరి నడుస్తున్నాయి. దయ అప్పుడప్పుడు గొప్పగా పలుకుతూనే ఉంది. హక్కు మాత్రం నోరు విప్పలేదు.

ఈ నగరంలో వీరులకు స్మారకాలున్నాయి. ఇండియా గేటు మీద వేలాది సైనికుల పేర్లున్నాయి. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ అశ్వికదళాల స్మృతికి నిలిపిన తీన్‌మూర్తి ఉంది. 1918లో హైఫా నగరపు విముక్తిలో పాల్గొన్నవారికి గౌరవంగా ఆ కూడలికి 2018లో హైఫా పేరు చేర్చారు. రక్షకులకు కూడా ఇక్కడ ఒక స్మారకం కావాలని నా విన్నపం. అది వార్సా స్మారకానికి నకలుగా ఉండకూడదు. వార్సాది కృతజ్ఞత, ప్రాణం దక్కినవాళ్లు కట్టుకొన్నది. ఢిల్లీ కట్టవలసినది బాధ్యతా స్మారకం. దాని మీద అష్కాబాద్ నుంచి బాలాచడీ దాకా పిల్లలు దాటిన ఊళ్ల పేర్లు ఉండాలి. పూచీ తీసుకొన్న జామ్ సాహెబ్, కుందన్‌లాల్‌ల పేర్లతో పాటు, నిర్బంధానికి గురైన గెర్డా పేరు, దారిలో రాలిపోయిన బర్మా కాందిశీకుల ప్రస్తావన ఉండాలి. తెరిచిన తలుపు, మూసిన తలుపు రెండూ కనబడాలి. దానికి తగిన చోటు ఉద్యానవనం కాదు. విదేశీయుల నమోదు కార్యాలయం ముందు, కాగితాలు పట్టుకొని మనుషులు వరుసలో నిలబడే చోట, ఆ కాగితాల మీద ముద్ర వేసే అధికారి రోజూ నడిచే దారిలో అది ఉండాలి.

ఈ సభలో పాత రాజేంద్ర నగర్ గదుల్లో సివిల్స్‌కు చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది కనబడుతున్నారు. చివరి మాట మీతో చెప్పాలి. మీరు చదువుకొంటున్న ఆ పేట శరణార్థుల పేట. మీలో కొందరు రేపు జిల్లాలకు, రాయబార కార్యాలయాలకు, హోం శాఖకు వెళతారు. నిబంధన ఒకవైపు, ఒక కుటుంబం మరోవైపు ఉన్న దస్త్రం ఏదో ఒక రోజు మీ బల్ల మీదికి వస్తుంది. అప్పుడు మీకు రాజు ఖజానా ఉండదు, సంస్థానం ఉండదు. చట్టం మీకిచ్చిన విచక్షణ, మీ పదవి మీకిచ్చిన సంతకం ఉంటాయి. సుగిహారాకు, కుందన్‌లాల్‌కు అంతకన్నా ఎక్కువేమీ లేదు. దానిని వాడేటప్పుడు ఎదురయ్యే నష్టాన్ని లెక్కవేసుకొని, ఆ నష్టం మీదేనని ఒప్పుకొని సంతకం చేయండి. మీ తరువాతివాళ్లు ఆ నష్టం భరించనవసరం లేని చట్టం కోసం కూడా పనిచేయండి. ఇవాళ మనం స్మరిస్తున్న అరవై లక్షల మందికి ఒక ప్రజారాజ్యం సమర్పించగల నివాళి ఆ చట్టమేనని నా నిశ్చయం.